నాచులో ఎరుపు

నేను హిల్కాని. అమ్ములు అమ్మి బతుకుతాను.
కుహ్మో ఊరు దాటాక, మట్టిరోడ్డు చివర,
పాత పడవల కొట్టంలో నా పని:
ఒక బల్ల, జిగురు సీసా, టర్కీకోడి ఈకల బస్తా,
ఐదు రంగు గిన్నెలు.
నా బొటనవేలి గోరు ఏ వారం ఏ రంగో చూస్తే చాలు
ఎవరికేం చేస్తున్నానో ఊరంతటికీ తెలిసిపోతుంది.

వచ్చినవాళ్ళు ముందు అందం అడుగుతారు.
నేను ముందు నేల అడుగుతాను.
ఎక్కడ వేస్తావు? ఏ నెలలో? పొద్దున్నా, మునిమాపునా?
గురి తప్పడం నీ చేతిలో ఉంది,
తప్పింది దొరకడం నా చేతిలో.

తెలుపు వద్దు.
బర్చ్ చెట్టు బెరడు రాలిన ప్రతిచోటా
తెల్ల ఈక పడ్డట్టే ఉంటుంది;
వందసార్లు వంగుతావు, వందసార్లూ బెరడే.
పసుపు జూన్‌లో దీపం,
సెప్టెంబరులో ఆకుల్లో మరో ఆకు.
గులాబీ ఏ రుతువులోనూ మోసం చెయ్యదు,
కాని మా మగవాళ్ళు కొనరు.
ఆకుపచ్చే కావాలన్న కుర్రాడొకడు ఉన్నాడు,
వాడికి డజను అమ్మాను,
నెల తిరక్కుండా ఇంకో డజను అమ్మాను.

ఎరుపు మా తమ్ముడు అర్మాస్‌ది.
ముప్పై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసినవాడు,
పట్టిన దారి వదలడు.
"మూడు ఈకలూ ఎరుపే, అక్కా."
స్పాంజి దుప్పికి గురిపెట్టేవాడు,
బాణం దాని కొమ్ముల సందులోంచి
నాచులోకి జారేది.
ఆ ఒక్క వేసవిలో పదకొండు పోయాయి.
జిగురును తిట్టాడు. వింటిని తిట్టాడు.
ఎలుకలు లాక్కుపోతున్నాయన్నాడు.
పొద్దు వాలితే ఎరుపు నల్లబడుతుందిరా, అన్నాను,
అన్ని రంగులకన్నా ముందు చీకటిపడేది దానికే.
విన్నాడా? ఊహూ.

పన్నెండోది నా కళ్ళముందే పోయింది.
పోలేదు. అక్కడే ఉంది,
వాడి బూటుకు జానెడు దూరంలో,
పచ్చటి నాచులో నిలువునా,
కోసుకున్న వేలిలా ఎర్రగా.
వాడి చూపు దాని మీద వాలింది, లేచింది,
అవతలి పొదల్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది:
చిన్నప్పుడు లింగన్ పళ్ళు ఏరడానికి వెళితే
వాడు ఒక్కో కాయా వేళ్ళతో నొక్కి చూసి కోసేవాడు.
అయినా సగం కసుగాయలే.
అమ్మ వాడి బకెట్ వేరుగా పెట్టేది,
బద్ధకం, అనేది.
యాభై ఏళ్ళు మేమంతా అదే అన్నాం.

నేనేమీ అనలేదు.
బాణం పీకి నా పొదిలో అడుక్కి తోశాను.
మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి ఏడు ఏరుకొచ్చాను,
నాలుగు దొరకలేదు.
ఎర్ర గిన్నె బోర్లించి, రంగు అయిపోయిందిరా,
ఈసారికి నీలం, అన్నాను.

నీలం ఎందుకంటే,
మా అడవి నేల మీద నీలం లేదు.
బ్లూబెర్రీకి కూడా మా భాషలో నలుపు పేరే.
ఆకాశం ఉంది, సరస్సు ఉంది,
అవి నాచులో పడి దాక్కోవు.

మొహం ముడిచాడు. తీసుకున్నాడు.
మంచు పడేదాకా ఒక్కటీ పోలేదు.
"గురి కుదిరిందక్కా," అన్నాడు.
కుదిరిందిరా, అన్నాను.

మే నెలాఖరుకి, మంచు కరిగాక,
వాడే తెచ్చాడు ఒక బాణం.
ములికి తుప్పు పట్టింది,
ఎండకీ వానకీ వెలిసి ఈకలు పాలిపోయాయి.
"దుప్పి వెనకాల దొరికింది.
ఎవరో పారేసుకున్నారు, పాపం.
రంగు బాగుందే, ఇట్టే కనబడింది.
ఏం రంగిది?"

నా చేతుల నిండా జిగురు.
ఈక మొదట్లో, కాడకు అంటిన చోట,
వెంట్రుకంత ఎరుపు ఇంకా మిగిలి ఉంది.
దాని మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాను.

దీనికి పేరు లేదురా, అన్నాను,
చెయ్యడానికి ఒక చలికాలం పడుతుంది.